ఈరయ్య తట్ట

బావికి తాళం వేయడం భీమవ్వ తన బతుకులో చూడలేదు. ఇంటికి తాళం వేస్తారు, దుకాణానికి వేస్తారు, సావుకారు వెంకట్‌రావు లాంటివాడైతే బెల్లం గదికి తాళం మీద తాళం వేస్తాడు. కానీ బావికి తాళమేమిటి? నీళ్ళేమన్నా లేచి హుమ్నాబాద్ బస్సెక్కి పోతాయా?

చంకన బిందెతో వచ్చిన మనిషి మెట్ల దగ్గరే ఆగిపోయింది. దిగుడు బావి మొదటి మెట్టుకు అటూ ఇటూ ఇనుప కంబాలు పాతి, నడుమ గేటు బిగించి, దానికి పిడికిలంత తాళం వేలాడదీశారు. ఆకుపచ్చ రంగు ఇంకా ఆరలేదు. తోసి చూస్తే చేతికి అంటుకుంది. కొంగుకు తుడుచుకోబోయి, నా కొంగెందుకు పాడు చేసుకోవాలి అనుకుని, ఆ గేటుకే తుడిచేసింది.

బావి గట్టు మీద హనుమవ్వ కూర్చుని ఉంది. వడ్డెరవాడలో అందరికంటే పెద్దది, అందరికంటే నోరున్నది.

"ఏంది పెద్దమ్మా ఇది?" అని అడిగింది భీమవ్వ.

"జైలు" అంది హనుమవ్వ. "గంగమ్మను అరెస్టు చేసిండ్రు. ఏం నేరం చేసిందో పాపం. మనకైతే గా పక్కన గిరక పెట్టిచ్చిండ్రు. పైనుంచే చేదుకోవాల్నట. లోపటికి దిగొద్దట."

మోటారు గది ముందు మాణిక్యప్ప కూర్చుని బోల్టులకు గ్రీసు రాస్తున్నాడు. భీమవ్వకు మరిది. సావుకారు చెరకుతోటకు మోటారు నడిపే నౌకరి అతనిది. వదినె వస్తుండడం చూసి తల ఇంకా కిందికి వంచాడు. తల వంచితే మొలతాడుకు కట్టుకున్న కొత్త తాళంచెవి బయటపడింది.

"అయ్యో, కష్టమంతా నీ మొలకే వచ్చిందా మాణిక్యప్పా?"

"నేనేం చేసేది వదినె, సావుకారు ఇచ్చిండు. యాత్ర బస్సు వచ్చి పోయేదాంక ఎవ్వల్నీ దిగనియ్యొద్దన్నడు."

"ఏం యాత్ర?"

"మన తానప్ప ఫాదరు యాత్ర." మాణిక్యప్ప గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ఫాదరు దేశపోళ్ళే, పోలండోళ్ళు. దునియా లడాయిల ఊర్లు పోగొట్టుకోని, పిల్లలప్పుడు కొల్హాపూర్ కాడ క్యాంపుల పెరిగిండ్రట. ఫాదరు ఆళ్ళతోటే వచ్చిండు గద. ఇప్పుడంతా ఇంగ్లండుల ఉన్నరు. ఫాదరు యాడ యాడ బతికిండో గా జాగలన్ని మొక్కుకుంట వస్తుండ్రు. కొల్హాపూరు, షోలాపూరు, ఆటెంక మన బావి. ఆఖరికి బీదర్‌ల ఆయన సమాధి."

కరువులో ఈ బావి తవ్వించిన క్రైస్తవ గురువు ఆయన, అసలు పేరు స్తనిస్వాఫ్. ఆ పేరు హళ్ళిఖేడ్ ఊళ్ళో ఏ నోటా పలకలేదు. నాగప్ప, సిద్ధప్ప ఉన్నచోట ఆయన తానప్ప అయిపోయాడు. ఆయనకూ ఆ పేరే నచ్చింది.

"మంచిదే, రానీ. ఎప్పుడు?"

"ఉగాది ముందటి అమాసనాడు."

భీమవ్వ చంకలో బిందె దించింది. "అమాసనాడు పూడిక గద?"

"ఈ ఏడు పూడిక లేదన్నడు. బురద ఒడ్డు మీద పోస్తే వచ్చినోళ్ళకు గలీజు కొడతదట. పండుగెనుక సూద్దమన్నడు."

ఆమె తాళాన్ని చూసింది, మరిదిని చూసింది. తవ్విన బావికి ఏటా ఒకసారి పూడిక తీయడం వడ్డెరల రివాజు. నీళ్ళు తాగే ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి రావాలి, ఒక తట్టయినా మోయాలి. బావి మనిషిని మింగి ఉంటే తొలి తట్ట ఆ మనిషి పేరున లేస్తుంది. అందించేవాడు పేరు చెప్పాలి, అందుకునేవాడు "అందుకున్న" అనాలి. ఆ మాట వినబడేదాకా తట్ట చేయి మారదు. ఈ బావి మింగింది భీమవ్వ పెనిమిటి ఈరయ్యను, ఉగాది ముందటి అమాసనాడే. అప్పటికింకా ఇది మైసూరు రాష్ట్రమే, ఆకాశం కన్నెర్రజేసిన కరువు కాలం. ఆనాటి నుంచి ఏటా అడుగున నిలబడి తొలి తట్ట నింపేది భీమవ్వ. బతికి ఉన్నన్నాళ్ళూ ఆమె చేతిలోంచి దాన్ని అందుకున్నది తానప్ప ఫాదరు.

"పండుగెనుక తీస్తే గది పూడిక అయితది మాణిక్యప్పా, మీ అన్న దినం కాదు" అని, గిరక వైపు పోకుండా, ఖాళీ బిందెతోనే ఇంటికి తిరిగి నడిచింది.

మరునాడు చెరకు నడుమ గానుగ పాక దగ్గరికి రమ్మని కబురొచ్చింది. వెంకట్‌రావు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. హుమ్నాబాద్‌లో బెల్లం, పప్పుల టోకు వ్యాపారం వాళ్ళ తాతల నాటిది. తెల్లటి ధోతి, తెల్లటి కమీజు. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. కరువులో రాళ్ళ జాగ బావికి ఇచ్చింది ఆయనే. పడావుగా ఉన్న ఆ రాళ్ళ జాగ చుట్టూ ఇవాళ ఆయన చెరకు నిలువెత్తు నిలబడిందంటే ఆ బావి వల్లే, అది వేరే సంగతి. పక్కన కుర్చీలో శాంతరాజు సారు. ఫాదరు చదివించిన పిల్లల్లో పెద్దవాడు, ఇప్పుడు బీదర్‌లో పంతులు. యాత్రను వెంటబెట్టుకుని తిప్పేది అతనే.

"కూసో భీమవ్వా" అన్నాడు వెంకట్‌రావు. "నీతోని ఒక పని పడ్డది. మొత్తం బస్సుకు నువ్వే పెద్దరికం చెయ్యాలె."

కాగితంలో చుట్టిన చీర మంచం మీద పెట్టాడు. గులాబి రంగు, సన్నంచు. భీమవ్వ ముట్టుకోలేదు గానీ చూసింది. చూడకుండా ఎందుకుంటుంది, ఆమే ఆడమనిషే. తన ఒంటి మీద ఉన్నది ఎన్ని కుట్లకు ఓర్చుకుందో ఆమెకు తెలుసు.

శాంతరాజు ముందుకు వంగాడు. మెత్తటి మనిషి, మాటా మెత్తనే. "అమ్మా, బస్సు దిగి వాళ్ళు బావి చుట్టూ నిలబడతారు. నేను ఫాదరు గురించి చెప్తా. అప్పుడు నువ్వు ముందుకు రావాలె. 'కరువుల నీళ్ళు లేక మేం సస్తుంటే ఫాదరు మోకాళ్ళ మీద కూసోని దేవుణ్ణి అడిగిండు, చేతికట్టెతో రాయి మీద కొట్టిండు, నీళ్ళు లేచినయి, నేను నా కండ్లతో చూసిన' అని చెప్పు. అంతే. ఇంగ్లీషుల నేను చెప్పుకుంట."

భీమవ్వ కాసేపు అతని మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుంది. కాదని తెలిశాక నవ్వు వచ్చింది, ఆ వెంటే ఒళ్ళు మండింది.

"కట్టెతోని కొడితే నీళ్ళొస్తయా సారు? మరి మా వడ్డెరోళ్ళం తాతల నాటి నుంచి గడ్డపారలు పట్టుకోని ఎందుకు సస్తున్నం? మాకు ఒక్కొక్క కట్టె ఇయ్యకపోయిండ్రా?"

"గట్ల కాదు—"

"కండ్లతో చూసిన అని చెప్పమన్నవు గద. చూసింది చెప్త, విను. రాయి పగలనీకె మందు తోటా పెట్టి ఒత్తి అంటిచ్చిండ్రు. పేలలే. ఎంతసేపు చూసినా పేలలే. ఫాదరు నేను దిగుత అన్నడు. మా ఆయన రెక్క పట్టి ఎనుకకు గుంజిండు. 'నువ్వు పోతే పనే ఆగుతది ఫాదరు, నేను పోతే ఇంకో వడ్డెరోడు దిగుతడు' అన్నడు. దిగిండు. పేలింది. గా రాయి పగిలిన కాన్నే ఊట లేచింది. మొదలొచ్చిన నీళ్ళు ఎర్రగొచ్చినయి సారు. మట్టి ఎరుపో, మా ఆయన ఎరుపో, నాకు తెల్వదు. గీ మాట చెప్పు ఇంగ్లీషుల."

గానుగ పాకలో ఎవరో బెల్లం అచ్చులు తిరగేస్తున్నారు. శాంతరాజు కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.

"నాకు తెల్వదా అమ్మా? ఆ దినం నేనూ ఏడ్చిన. కాని వాళ్ళు అంత దూరం నుంచి ఆయన్ను పుణ్యాత్ముడని మొక్కనీకె వస్తుండ్రు. ఆయన పని చేపిస్తుంటే ఒక మనిషి సచ్చిండని చెప్తే ఆయన పేరుకు మచ్చ వస్తది. ఆయన నాకు తండ్రి. ఆయన పేరుకు మచ్చ రానియ్య."

"ఆయనే ఏనాడు దాచలే. ఏటా తొలి తట్ట ఎవల పేరున ఎత్తిండో నువ్వు చూడలేదా? తండ్రి దాచనిది నువ్వెందుకు దాస్తవు?"

 జవాబు వెంకట్‌రావు అందుకున్నాడు. వ్యాపారం చేసే మనిషి, మాటకు మాట ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడు.

"భీమవ్వా, జిద్దు చెయ్యకు. యాత్ర ఏటేటా వస్తది. సడక్ పడతది, ఊరికి పేరొస్తది. మీ వడ్డెరవాడ ఉన్నది నా జాగల. ఇండ్లకు కాయిదాలు చేపిచ్చి ఇద్దామనుకుంటున్న, అందరికి. నీ ఒక్క మాట మీద అందరి కొంపలు నిలబడతయి." ఆగి, నవ్వుతూనే అన్నాడు. "నిలబడకపోవచ్చు గూడ. మాణిక్యప్పకు నౌకరి నేనే ఇచ్చిన గద."

బెదిరింపంతా ఆ నవ్వులోనే ఉంది. భీమవ్వ లేచింది. చీర మంచం మీదనే ఉంది.

"చీర?" అన్నాడు వెంకట్‌రావు.

"మీ ఇంట్ల శారదాదేవి దొరసానికి ఇయ్యుండ్రి. గులాబి రంగు ఆమెకే మంచిగుంటది" అని వచ్చేసింది.  

ఆ సాయంత్రం జొన్నరొట్టె చేస్తుంటే మాణిక్యప్ప వచ్చి గడప మీద కూర్చున్నాడు. భీమవ్వ పిండి ముద్దను పీట మీద పెట్టి అరచేతితో తడుతోంది. రోజూ మెత్తగా పడే దెబ్బ ఆ వేళ గల్లీ చివరిదాకా వినబడుతోంది.

"రొట్టె సస్తది వదినె" అన్నాడు మాణిక్యప్ప.

"సావనీ."

"ఒక్క మాట. ఒక్కనాడు. ఆళ్ళు ఇంగ్లండు పోతరు. ఈడ మనం మనమే. మనకు తెల్వదా అన్న సంగతి? ఊరంతకు తెల్సు."

"ఊరంతకు తెల్సు. అందుకే ఊరంత మూతి మూసుకోని కూసున్నది." రొట్టెను పెనం మీద వేసి, నీళ్ళ చేతితో పైన పూసింది. "పొద్దున్నించి ఇల్లిల్లు తిరిగిన మాణిక్యప్పా. అమాసనాడు రాండ్రి, గేటు బయటనే కూసుందాం అన్న. ఒకడు చెరుకు కాడ పనుందంటడు, ఒకామె నడుము నొస్తుందంటది. బావి తవ్విన నడుములు గవి. గేటు చూడంగనే నొచ్చినయి."

"అందరికి భయమున్నది. నాకూ ఉన్నది. ఇద్దరు ఆడపిల్లలు నాకు."

"నువ్వు నౌకరి చేసుకో, నేను వద్దన్ననా? తాళంచెవి ఒక్కటి ఇయ్యి."

మాణిక్యప్ప చేయి దానంతటదే మొల మీదికి పోయింది, ఇవ్వడానికి కాదు, దాచుకోవడానికి. అది ఇద్దరూ చూశారు. అతనికి సిగ్గు వేసింది. ఆమెకు కోపం రావలసింది, జాలేసింది. రొట్టె తీసి, మీద పచ్చికారం వేసి, అతని చేతిలో పెట్టింది.

"తిను. అన్న పేరు చెప్పనీకె గొంతు కావాలె గని, తిననీకెందుకు?"

అతను తినలేకపోయాడు. రొట్టెను చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడు.

అమాస పొద్దు పొడవక ముందే భీమవ్వ తట్ట వీపుకు కట్టుకుంది, పొట్టి పార నడుముకు చెక్కుకుంది. కచ్చ బిగించింది. ఆమె మెట్ల వైపు పోలేదు. మెట్లకు ఎదురుగా, బావికి అవతలి గోడన, రాతిలో పాదం ముందు భాగం పట్టేంత గూళ్ళు ఉన్నాయి. మెట్లు కట్టకముందు దిగడానికి ఎక్కడానికి ఈరయ్య ఉలితో కొట్టినవి. మెట్లు వచ్చాక వాటితో ఎవరికీ పని పడలేదు. తాళం వేసిన సావుకారు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. మెట్ల మీద దిగడం నేర్చినవాడికి గోడలో దారి ఉంటుందని ఎట్లా తెలుస్తుంది?

గట్టు మీద బోర్లా పడుకుని కాలు కిందికి జారవిడిచింది. పాదం గాలిలో వెతికింది. మొదటి గూడు దొరకలేదు. "యాడ పెట్టినవయ్యా?" అని పైకే అడిగింది. రెండోసారి దొరికింది. లోపల నాచు, తడి. బొటనవేలు లోపలికి గుచ్చి బరువు దాని మీద మోపింది. ఆ తరువాత ఎడమది. ఈరయ్య పొడుగు మనిషి. తన కాలికి తగ్గట్టు దూరం దూరంగా కొట్టుకున్నాడు. ఆమె ప్రతి అడుక్కీ సాగి సాగి దిగాల్సి వచ్చింది, ప్రతి అడుక్కీ అతన్ని ఒక తిట్టు తిట్టింది. మోకాలు గీరుకుంది. నడుమ ఒకచోట చేయి జారింది. అక్కడ గోడకు చెంప ఆనించి కాసేపు అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు గమనించింది, మోటారు ఇంకా నడుస్తోంది. చెరకుకు తెల్లవారుజాముదాకా నీళ్ళు పెట్టి మాణిక్యప్ప రోజూ ఈ పాటికి బంద్ చేసేవాడు. ఇవాళ చేయలేదు. ఆమె అడుగుకు చేరి నిలబడ్డాక నీళ్ళు మోకాలి కిందికి దిగాయి, పాదాలకు దిగాయి. ఆఖరికి పైపు గాలిని పీలుస్తూ గర్రుగర్రుమంది. అప్పుడు ఆగింది. అడుగున బురద నల్లగా, దళసరిగా బయటపడింది. పూడిక తీసేనాడు బావిని ఎంతదాకా ఎండబెట్టాలో అంతదాకా ఎండబెట్టి ఉంది.

భీమవ్వ పైకి చూసింది. గట్టు మీద ఎవరూ లేరు.

"బద్మాష్" అంది మరిదిని, మురిపెంగా.

బస్సు వచ్చేసరికి ఎండ బావి సగం దాకా దిగింది. పైన తలుపు చప్పుళ్ళు, బూట్ల చప్పుళ్ళు, తెలియని భాషలో మాటలు. ఎవరో పాట ఎత్తుకున్నారు, తక్కినవాళ్ళు కలిపారు. పాట అయ్యేదాకా భీమవ్వ ఆగింది. దేవుడి పాటకు అడ్డం పడగూడదు. పాట ఆగింది, శాంతరాజు గొంతు ఇంగ్లీషులో లేచింది. ఆమె పార బురదలోకి దించింది. రాతికి తగిలి ఖంగుమంది.

శాంతరాజు ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఖంగుమంది.

గట్టు చుట్టూ తలలు పొడుచుకొచ్చాయి. ఎర్రటి మొహాలు, తెల్లటి జుట్లు, గడ్డి టోపీలు. వాళ్ళలో వెంకట్‌రావు మొహం కూడా ఉంది. అద్భుతం చూపిస్తానని పిలిచి, ఆయన చూపించింది మోకాళ్ళదాకా బురదలో నిలబడి తట్ట నింపుతున్న ఒక వడ్డెర ముండమోపిని.

"ఏయ్ భీమవ్వా! యాడికెల్లి దిగినవే? పైకి రా!"

"తట్ట నిండింది సావుకారూ" అని అరిచింది. "అందుకునేటోళ్ళు దిగితే నేనొస్త. లేకుంటే గీన్నే ఉంట. చల్లగున్నది."

పైన ఎవరో అడిగినట్టున్నారు, శాంతరాజు గాబరాగా ఏదో చెప్పాడు. బావి శుభ్రం చేస్తోందనో, పిచ్చిదనో. ఆ చెప్పింది నమ్మని ఒక మనిషి గట్టు మీదికి బాగా వంగింది. నెరిసిన జుట్టు, మెడలో చిన్న సిలువ, పొడుగాటి ఆడమనిషి.

"బాయీ" అని పిలిచింది. ఆ తరువాత అడిగింది మరాఠీలో. కొల్హాపూర్ సంతలో కూరగాయలమ్మేవాళ్ళ మరాఠీ, తప్పులతో, ముక్కుతో. "కింద ఏం చేస్తున్నావు?"

భీమవ్వ నివ్వెరపోయింది. ఏటేటా చెరకు నరకడానికి ఉద్గీర్ దిక్కు పోయి పోయి ఆమెకూ మరాఠీ అబ్బింది. ఇక మధ్యన శాంతరాజు ఎందుకు?

"నా మగడు ఈ బావి తవ్వుతూ ఇక్కడే పోయాడు" అని ఆమె కూడా మరాఠీలోనే చెప్పింది. "మీ ఫాదరు దిగబోతే వెనక్కి లాగి తాను దిగాడు. ఇవాళ ఆయన పేరున తొలి తట్ట లేవాలి. ఏటా మీ ఫాదరే నా చేతిలోంచి అందుకునేవాడు. ఈ ఏడు మీరు వస్తున్నారని తాళం వేశారు."

పైన ఆ మనిషి తన వాళ్ళవైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పింది. ఆడవాళ్ళు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన టోపీ తీశాడు. ఆమె మళ్ళీ వంగింది.

"నా పేరు హెలెనా. క్యాంపులో నేను చిన్నపిల్లను. ఫాదరు మాతో కూరగాయల మళ్ళు తవ్వించేవాడు. చేతికి మట్టి అంటకుండా మమ్మల్ని ఒక్కనాడూ ప్రార్థనకు కూర్చోనివ్వలేదు. దుష్టుడు అనుకునేదాన్ని." నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "ఆగు, వస్తున్నా."

గేటు దగ్గర కలకలం రేగింది. తాళంచెవి హుమ్నాబాద్ దుకాణంలో ఉండిపోయిందని వెంకట్‌రావు అంటున్నాడు. అది భీమవ్వకు కిందికే వినబడింది. ఆ తరువాత వినబడింది తాళం తిరిగిన చప్పుడు.

"మాణిక్యా! నౌకరి ఉండాల్నా వద్దా?"

మాణిక్యప్ప జవాబు చెప్పలేదు. గేటు బార్లా తీశాడు, కొత్త ఇనుము కీచుమంది.

హెలెనా గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. అడుగు మెట్టు మీద నిలబడి బూట్లు, మేజోళ్ళు విప్పింది. తెల్లటి పాదాలు బురదలో దిగబడ్డాయి. వెనకే మిగతావాళ్ళు మెట్టుకొకరుగా వచ్చి నిలబడ్డారు. వాళ్ళ పైన చూస్తే హనుమవ్వ. హనుమవ్వ పైన నడుము నొచ్చినామె, చెరకు కాడ పనున్నవాడు. గేటు తెరుచుకుంటే నడుములు బాగయ్యాయి. వాళ్ళ నడుమ, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, పంచె ఎగగట్టి, శాంతరాజు కూడా ఉన్నాడు. గేటు దగ్గర పై మెట్టు మీద మాణిక్యప్ప. గేటు బయట వెంకట్‌రావు.

భీమవ్వ వరుస చెప్పింది. నేను ఇట్లా అంటాను, నువ్వు ఇట్లా అనాలి. హెలెనా ఆ మాటలను నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకుంది. వెనక ఉన్నవాళ్ళకు నేర్పింది.

భీమవ్వ తట్ట ఎత్తింది. బురద నీళ్ళు మోచేతుల మీదుగా కారాయి. ఫాదరు ఉన్నన్నాళ్ళూ ఇక్కడ నిలబడి ఆయన తెల్ల అంగీని చూసేది. ఇవాళ కనబడుతున్నవి ఆయన పెంచిన చేతులు.

"ఈరయ్య తట్ట!"

"అందుకున్న" అంది హెలెనా. పలుకు వంకరగా ఉంది, పట్టు గట్టిగా ఉంది. వెనక్కి తిరిగింది. "ఈరయ్య తట్ట!"

"అందుకున్న" అన్నాడు టోపీ తీసిన ముసలాయన.

ఈరయ్య, ఈరయ్య, ఈరయ్య. పేరు ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. ఒకరు సాగదీశారు, ఒకరు నరికినట్టు పలికారు, ఒకామె ఏడుస్తూ పలికింది. తట్ట శాంతరాజు దగ్గరికి వచ్చింది.  అతను ఎంత గట్టిగా అన్నాడంటే బావి గోడలు తిరిగి అన్నాయి. తట్ట హనుమవ్వను దాటింది, మాణిక్యప్ప చేతికి వచ్చింది.

మాణిక్యప్ప తిరిగాడు. ఎదురుగా సావుకారు. వాళ్ళిద్దరి మధ్య నల్లటి బురద కారుతున్న తట్ట.

"ఈరయ్య తట్ట, సావుకారు."

వెంకట్‌రావు తన తెల్ల ధోతి చూసుకున్నాడు. వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు. అందరూ మెట్ల మీదే ఉన్నారు, అందరూ పైకి ఆయన్నే చూస్తున్నారు. ఆయన కూడా ఈ బావి నీళ్ళే తాగుతాడు. ఆయన చెరకు తాగుతుంది. చేతులు చాచాడు. పెదవులు కదిపాడు.

మాణిక్యప్ప తట్ట వదల్లేదు.

"ఇనరాలే!" అని అడుగు నుంచి భీమవ్వ అరిచింది.

"బెల్లం బేరానికైతే ఊరవతలికి ఇనొస్తది" అంది హనుమవ్వ, ఎవరితోనూ కాదన్నట్టు.

ఎవరూ నవ్వలేదు. మాణిక్యప్ప తట్టను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నౌకరి, ఇంటి జాగ, కాయిదాలు అన్నీ ఆ తట్టలోనే ఉన్నాయని అతనికి తెలుసు. రేపటి సంగతి రేపు.

"అందుకున్న!" అన్నాడు వెంకట్‌రావు. ఈసారి గొంతు బావిలోకి దిగి అడుగుదాకా వచ్చింది. "ఈరయ్య తట్ట... అందుకున్న."

మాణిక్యప్ప చేతులు తీశాడు. సావుకారు బురద కారే తట్టను పొట్టకు ఆనించుకుని ఒడ్డుకు నడిచాడు. అది భీమవ్వకు కనబడలేదు. ఆమెకు కనబడింది గుండ్రటి ఆకాశం, కాసేపటికి చేతులు మారుతూ దిగి వస్తున్న ఖాళీ తట్ట.

హెలెనా దాన్ని ఆమె ముందు పెట్టింది. చెంపకు బురద అంటింది, తుడుచుకోలేదు.

"రెండోది ఎవరి పేరున?" అని అడిగింది.

"మీ ఫాదరుది" అని భీమవ్వ పార బురదలోకి దించింది. "ఆయనది రెండోదే. గది ఆయనే పెట్టిన వరుస."